ఏటికి పరీక్ష ఎవరు చేయాలి?

(గుడియాత్తంలో యువజనుల కూడికలో, ఏటి పరిశీలనకు ముందురోజు సాయంత్రం చేసిన ప్రసంగం)



మన తెలుగువాళ్లకు వేలూరు అంటే ఆస్పత్రి. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన సేవ అది. నేనూ మొదటిసారి నాన్న వైద్యం కోసమే వచ్చాను. కాట్పాడిలో రైలు దిగి ఊళ్లోకి వెళ్తుంటే పాలారు వంతెన వచ్చింది. కింద నీళ్లు లేవు, ఇసుకే. నా ధ్యాసంతా నాన్న రిపోర్టుల మీద ఉంది. ఈ ఏటికి ఏమైందని నేను ఎవరినీ అడగలేదు. ఆ అడగని ప్రశ్నే ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

పాలారు కర్ణాటకలో పుట్టి, మన కుప్పం మీదుగా తమిళనాడుకు వస్తుంది. మన చిత్తూరు అడవుల్లో పుట్టిన కౌండిన్య మోర్ధానా ఆనకట్ట దాటి, ఈ గుడియాత్తం మధ్యగా పారి పాలారులో కలుస్తుంది. అంటే పలమనేరు వైపు నుంచి వచ్చిన మీరు ఎగువవాళ్లు, ఇక్కడివాళ్లు దిగువవాళ్లు. అందరిదీ ఒకే నీరు.

పాలారు కథ మీకు తెలియాలి. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటల్లో తోళ్ల పరిశ్రమలు పెరిగాయి. తోళ్లు కుళ్లకుండా ఉప్పు పట్టిస్తారు. వాటిని కడిగితే ఆ ఉప్పంతా నీళ్లలోకి వస్తుంది. వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందని ఆ తీర్పులో ఉంది. పాడుచేసినవాడే నష్టం కట్టాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమని చెప్పిన తీర్పు అది. 2015 జనవరిలో రాణిపేటలో తోళ్ల వ్యర్థాల తొట్టి గోడ కూలి పదిమంది కూలీలు చనిపోయారు. 2025 జనవరి 30న అదే పాలారు గురించి సుప్రీంకోర్టు మళ్లీ తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. మొదటి తీర్పు నాటికి మీలో చాలామంది పుట్టలేదు. తీర్పు కాగితం మీద ఉంటే చాలదు, ఒడ్డున కళ్లు ఉండాలి.

అందుకే రేపు ఉదయం ఆరింటికి వెళ్తున్నాం. ఆరింటికే ఎందుకు? పగలు ఎండకు నాచు ఆక్సిజన్ విడుస్తుంది, అప్పుడు చూస్తే నీరు బాగున్నట్టే కనిపిస్తుంది. రాత్రంతా గడిచాక తెల్లవారుజామున అసలు సంగతి బయటపడుతుంది. స్నానానికి పనికొచ్చే నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలి. లవణాల మీటరు కూడా తెస్తున్నాం. తాగేనీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది.

కానీ మీటరు ఆ నిమిషం సంగతే చెబుతుంది. రాత్రి ఎవరైనా మురుగు వదిలితే తెల్లారేసరికి అది కిందికి పోవచ్చు. పురుగులు మాత్రం అక్కడే బతకాలి. రాళ్లు తిప్పి చూడండి. తోక దగ్గర మూడు పోగులున్న మేఫ్లై పిల్లలు, ఇసుక రేణువులతో గూడు కట్టుకునే పురుగులు కనిపిస్తే నీటికి ఊపిరి ఉన్నట్టు. అవేవీ లేకుండా బురదలో ఎర్రటి పురుగులే కుప్పలుగా ఉంటే మురుగు చేరుతున్నట్టు. ఊరికి ఎగువన ఒక చోట, దిగువన ఒక చోట చూద్దాం. ఆ రెంటి మధ్య తేడాయే మన ఊరి లెక్క. చేతికి కాలికి గాయం ఉన్నవాళ్లు నీళ్లలో దిగకండి, ఒడ్డున రాసుకోండి.

వాక్యంలోకి వద్దాం. యెరికో నీళ్లు చెడిపోతే ఎలీషా ఊట దగ్గరికే వెళ్లి ఉప్పు వేశాడు, నీళ్లు బాగయ్యాయి. ఇక్కడ ఉప్పే నీళ్లను చెరిపింది. అయినా ఎలీషా నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది: ఆయన మూలానికి నడిచి వెళ్లాడు. యెహెజ్కేలు 34వ అధ్యాయం చదవండి. తాము మంచినీళ్లు తాగి, మిగిలినవి కాళ్లతో కలకచేసే బలిసిన గొర్రెలను దేవుడు ప్రశ్నిస్తాడు. అది ఎగువవాళ్లకు వేసిన ప్రశ్న.

ఒక హెచ్చరిక. తోళ్ల పని చేసేవాళ్ల మీద కోపం వద్దు. పేతురు యొప్పేలో బస చేసింది సీమోను అనే చర్మకారుని ఇంట్లోనే. తరతరాలుగా తోలు ముట్టినందుకు అంటరానివాళ్లని పిలిపించుకున్నది మన జనమే. ఆ పనివాడి కూలి నిలవాలి, అతని బిడ్డ తాగే నీళ్లూ నిలవాలి. ఈ రెండూ కలిపి అడగడమే న్యాయం.

రేపు ఒక్కరోజుతో అయ్యే పని కాదిది. ప్రతి నెలా అవే రెండు చోట్ల చూసి, తేదీ వేసి నోట్‌బుక్కులో రాయండి. ఏడాది తర్వాత ఆ పుస్తకాన్ని మునిసిపాలిటీకి, కాలుష్య నియంత్రణ మండలికి ఇద్దాం. మొదటి పేజీలో మాత్రం ఒక ప్రశ్న రాయండి: మన చర్చి మురుగునీరు ఎక్కడికి పోతోంది? జవాబు తెలుసుకున్నాకే రెండో పేజీ తిప్పుదాం.