మోటారు పందెములు – ప్రాణరక్షణ నియమములు



2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుచ్ఛక్తితో నడచు కార్ల పందెము జరిగినది. దానికి ఫార్ములా ఈ అని పేరు. నేనును పోయి చూచితిని. నా ప్రక్క కూర్చున్న యువకుడొకడు, "ఏమండీ, డ్రైవరు తలచుట్టూ ఆ కమ్మీ ఏమిటి? మొగమే కనబడనీయదు. కారు అందమంతా పాడుచేసినది" అనెను.

ఆ కమ్మీ పేరు హేలో. చంద్రునిచుట్టు కనబడు వరదగుడిని ఇంగ్లీషువారు హేలో యందురు. ఆ పేరే దీనికిని వచ్చినది. డ్రైవరు తలచుట్టు వంకరగా తిరిగి, ముందువైపు ఒక సన్నని స్తంభముపై ఆనియుండును. అది టైటానియమను లోహముతో చేయబడినది. బరువు సుమారు 7 కిలోలు. మోయగల భారము సుమారు 12 టన్నులు. 2018లో ఫార్ములా వన్ పందెములలో దీనిని విధిగా చేసినప్పుడు, ఆ యువకుడన్న మాటనే నేనును అంటిని. పలువురు డ్రైవర్లును అదే మాట అనిరి. ఆ మాట ఎంత తప్పో తెలిసిన విధమును మీకు మనవి చేసెదను.

1966లో బెల్జియములోని స్పా పందెమున, వానలో, తొలిచుట్టుననే జాకీ స్టూవర్ట్ కారు దారి తప్పి పడిపోయినది. పెట్రోలు కారి అతని ఒడలు తడిసినది. స్టీరింగు చక్రము కాళ్లపై బిగిసికొని అతడు కదలలేకపోయెను. విడిపించుటకు అక్కడ పనిముట్లు లేవు. తోడి డ్రైవర్లయిన గ్రహాం హిల్, బాబ్ బాండ్యురంట్ అనువారు ప్రేక్షకుని యొద్ద స్పానరు ఎరువు తెచ్చి చక్రమును ఊడదీసి అతనిని రక్షించిరి. ఆ తరువాత స్టూవర్ట్ ఒక స్పానరును తన స్టీరింగునకే అంటించుకొని పందెములకు పోవుచుండెను. నడుముపట్టీలు కావలెననియు, దారిప్రక్క అడ్డుకంచెలు కావలెననియు, వైద్యులుండవలెననియు పట్టుబట్టెను. కొందరు అతనిని పిరికివాడనిరి. ఆ పిరికివాడే 1969, 1971, 1973 సంవత్సరములలో ప్రపంచ విజేత యయ్యెను!

ఆ కాలమున డ్రైవర్ల పట్టిక ఏడాది మొదట నొకటి, చివర నొకటి. కొన్ని పేర్లు జీతము చాలక పోయినవి కావు; ప్రాణము చాలక పోయినవి. 1973 అక్టోబరులో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ లో స్టూవర్ట్ జట్టులోనివాడే, అతని తమ్ముని వంటివాడే, ఫ్రాన్స్వా సెవెర్ అభ్యాసపు పరుగులో మరణించెను. మరునాటి పందెము స్టూవర్టునకు నూరవది కావలసినది. అతడు దానిలో పాల్గొనలేదు. మరల ఎన్నడును ఫార్ములా వన్ పందెమున కూర్చుండలేదు.

ఈ క్రీడలో నియమములు చాలవరకు ఒక శవము లేచిన పిమ్మటనే పుట్టినవి. 1978లో ఇటలీలోని మోంజా పందెము మొదలగునప్పుడే జరిగిన ప్రమాదములో రానీ పీటర్సన్ గాయపడి మరునాడు మరణించెను. సిడ్ వాట్కిన్స్ అను వైద్యుని పట్టుదలవలన, నాటినుండి తొలిచుట్టులో పోటీ కార్ల వెనుకనే వైద్యుని కారు పరుగెత్తుట ఆచారమైనది. 1994లో ఇమోలాలో రాలండ్ రాట్జెన్‌బర్గర్, అయర్టన్ సెన్నా వరుసగా రెండు దినములలో మరణించిరి. మరుసటి ఏడు ఇంజను పరిమాణమును మూడున్నర లీటర్లనుండి మూడు లీటర్లకు తగ్గించిరి. 2003లో మెడ విరుగకుండ కాపాడు సాధనమును విధించిరి. ఇంత చేసినను డ్రైవరు తల మాత్రము బయలుననే యుండెను. 2009లో ఫార్ములా టూ పందెములో ఊడివచ్చిన చక్రము తగిలి పదునెనిమిదేండ్ల హెన్రీ సర్టీస్ మరణించెను. అతడు 1964లో ప్రపంచ విజేతయైన జాన్ సర్టీసు కుమారుడు. హేలో అట్టి మరణములకు ఆలస్యముగా వచ్చిన సమాధానము.

ఇక 2020 నవంబరు 29. బహ్రెయిన్ పందెము తొలిచుట్టు. రాత్రి నేను ఇంట కూర్చుండి చూచుచుంటిని. రొమేన్ గ్రోజాన్ కారు ఇనుపకంచెను చీల్చుకొనిపోయి రెండు తునుకలై భగ్గున మండెను. నేను కన్నులు మూసికొంటిని. హేలోయే ఆ ఇనుపపట్టీని అతని తలకు తగులనీయకుండ అడ్డుకొన్నది. తలకు దెబ్బ లేనందువలన తెలివి తప్పలేదు. తెలివి యున్నందువలన సుమారు 28 సెకండ్లలో అతడు మంటలోనుండి తనంత తాను లేచి వచ్చెను. వెనుకనే వచ్చుచున్న వైద్యుని కారు అప్పటికే అచట నిలిచియుండెను. మోంజాలో పీటర్సన్ మృతి నేర్పిన నియమమును, అందరును ఏవగించుకొన్న హేలోయును ఆనాడు ఒక్కచోట కలిసికొన్నవి. గ్రోజాన్ మునుపు హేలోను వలదన్నవారిలో నొకడు. పిమ్మట ఆసుపత్రినుండియే తన మాట తప్పని ఒప్పుకొనెను.

మరుసటి వారము పందెములో గ్రోజాన్ స్థానమున పియెట్రో ఫిట్టిపాల్డీ కూర్చుండెను. అతడు స్టూవర్ట్, సెవెర్ లతో పోటీ చేసిన ఎమర్సన్ ఫిట్టిపాల్డీ మనుమడు. డ్రైవర్ల పట్టికలో ఆ పేరును మారినది. కాని మారిన పేరుగలవాడు కాలిన చేతులకు కట్లతో బ్రదికియుండెను. తాతల కాలమునకును, మనుమల కాలమునకును నడుమ నున్న భేదమంతయు ఇదియే.

హుస్సేన్ సాగరు ఒడ్డున ఆ యువకునితో ఇదంతయు చెప్పితిని. అతడు శ్రద్ధగా విని, "అట్లైతే ఉండవలసిందే నండీ" అనెను. పందెము ముగిసి బయటికి వచ్చితిమి. అతడు మోటారుసైకిలెక్కి, హెల్మెట్టును మోచేతికి తగిలించుకొని బయలుదేరెను. పిలిచి చెప్పవలెననుకొంటిని, నోరు రాలేదు. నా హెల్మెట్టు నా స్కూటరు పెట్టెలోనే యుండెను. ఆ దినము తీసి తలకు పెట్టుకొంటిని. నాటినుండి దానిని మరల పెట్టెలో పెట్టలేదు.