పద్దెనిమిది నిండగానే "ఇక నీ దారి నువ్వు చూసుకో" అనొచ్చా?

ఈరోజు మాట్లాడబోయే విషయం మీలో చాలామందికి కొత్తగా అనిపించొచ్చు. చూస్తున్నవాళ్లలో కొందరికి మాత్రం ఇది సొంత కథే అయ్యుండొచ్చు. అమ్మానాన్నల దగ్గర కాకుండా ప్రభుత్వ బాలసదన్‌లోనో, సంస్థలు నడిపే హోమ్‌లోనో, ఫోస్టర్ కుటుంబంలోనో పెరుగుతున్నవాళ్ల హక్కుల గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా వాళ్ల 18వ పుట్టినరోజు గురించి.

మనకి 18 అంటే ఓటు హక్కు, డ్రైవింగ్ లైసెన్స్, ఫ్రెండ్స్‌తో కేక్ కటింగ్. హోమ్‌లో పెరిగినవాళ్లకి 18 అంటే ఒక భయం. ఇన్నాళ్లూ పడుకున్న మంచం రేపు ఇంకొకరిది. భోజనం గంట రేపట్నుంచి తనకోసం కొట్టరు. ఇంటర్ అయిందో లేదో, చేతిలో పని లేదు, వెళ్లడానికి ఇల్లు లేదు. మన ఇళ్లల్లో 25 ఏళ్లొచ్చినా "వాడింకా చిన్నోడే" అంటాం కదా. మరి వీళ్లు ఒక్క రాత్రిలో ఎలా పెద్దోళ్లయిపోతారు?

ముందు ఫోస్టర్ కేర్ అంటే ఏంటో చూద్దాం. చాలామంది దీన్ని దత్తత అనుకుంటారు. కాదు. దత్తత అంటే పిల్లలు శాశ్వతంగా ఆ ఇంటివాళ్లయిపోతారు, ఆస్తి హక్కుతో సహా. ఫోస్టర్ కేర్ అంటే, బాలల సంక్షేమ కమిటీ, అదే మనం సీడబ్ల్యూసీ అంటామే, వాళ్ల ఆర్డర్‌తో ఒక కుటుంబం కొంతకాలం పిల్లల్ని తమ ఇంట్లో పెంచడం. మన దేశంలో దీనికి ఆధారం 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 44వ సెక్షన్. అందులో ఏముందంటే, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వీలైనంతవరకు విడదీయకుండా ఒకే కుటుంబంలో ఉంచాలి. ఫోస్టర్ కుటుంబాన్ని కమిటీ నెలనెలా తనిఖీ చేయాలి. సరిగ్గా చూసుకోకపోతే పిల్లల్ని అక్కడి నుంచి తీసుకెళ్లాలి. 2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ఒంటరి వ్యక్తులు కూడా ఫోస్టర్ పేరెంట్ కావచ్చు. రెండేళ్లు పెంచాక ఆ పిల్లల్ని దత్తత తీసుకునే వీలు కూడా ఉంది. ఇంతకుముందు అది ఐదేళ్లు.

చదువుతుంటే బాగానే ఉంది కదా. కానీ మన దగ్గర ఫోస్టర్ కేర్ ఇంకా పెద్దగా అలవాటు కాలేదు. ఎక్కువమంది పిల్లలు పెరిగేది హోమ్‌ల్లోనే. అందుకే ఇక్కడ 18 అనే గీత అంత పదునుగా ఉంటుంది.

ఇప్పుడు అసలు పాయింట్. 18 నిండగానే బయటికి పంపేసి చేతులు దులుపుకోమని చట్టం చెప్పట్లేదు. "ఆఫ్టర్‌కేర్" అని ఒకటుంది. 18 నిండి, 21 నిండనివాళ్లకి డబ్బు రూపంలోగానీ వేరే రూపంలోగానీ ఇచ్చే అండ అని దానికి చట్టంలోనే అర్థం రాశారు. 2016 నమూనా రూల్స్ ఇంకాస్త ముందుకెళ్లి, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో రెండేళ్లు, అంటే 23 వరకు పొడిగించొచ్చు అన్నాయి. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండేలా తాత్కాలిక ఇల్లు, ట్రైనింగ్ టైంలో స్టైపెండ్, పై చదువులకి స్కాలర్‌షిప్, మాట్లాడటానికి ఒక కౌన్సెలర్, సొంతంగా ఏదైనా పెట్టుకుంటే లోన్ సాయం... ఇవన్నీ ఆ రూల్స్‌లో ఉన్నవే.

మరి సమస్య ఎక్కడ? ఒక్క మాటలో. 46వ సెక్షన్ తీసి చూడండి. 18 నిండి సంస్థ నుంచి వెళ్లేవాళ్లకి ఆర్థిక సాయం "ఇవ్వవచ్చు" అని ఉంది. "ఇవ్వాలి" అని లేదు.

ఈ రెండు మాటల మధ్య తేడా చిన్నది కాదు. "ఇవ్వాలి" అంటే హక్కు. "ఇవ్వవచ్చు" అంటే ఆఫీసర్ మంచివాడైతే వస్తుంది, బడ్జెట్ ఉంటే వస్తుంది, అడిగినవాళ్లకి వస్తుంది. అడగడం తెలియనివాళ్లకి? రాదు. ఇంకోటి గమనించారా? "సంస్థ నుంచి వెళ్లేవాళ్లు" అన్నారు. ఫోస్టర్ కుటుంబంలో ఉంటూ 18 నిండినవాళ్ల మాట ఆ సెక్షన్‌లో లేనే లేదు.

ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఎనిమిదేళ్లకి హోమ్‌కి వచ్చింది. ఇంటర్ బైపీసీ చదివింది. నర్సింగ్ చేయాలని ఆశ. రెండు నెలల్లో 18 నిండుతాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు. పుట్టినరోజు వెళ్లిపోయాక ఒకరోజు ఆఫీసుకి పిలిచి, దూరపు చుట్టం ఒకాయన వచ్చాడు, సంతకం పెట్టి వెళ్లు అంటారు. ఆ చుట్టం ఎవరో ఆ పిల్లకి సరిగ్గా గుర్తు కూడా లేదు. ఆ ఇంట్లో నర్సింగ్ చదివిస్తారా, పెళ్లి చేసేస్తారా, ఇంటి పనికి పెట్టుకుంటారా? ఆ అమ్మాయికి ఆరోజు తెలియాల్సినవి ఏంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, ప్లాన్. హోమ్‌లో ఉన్న ప్రతి పిల్లకీ పిల్లవాడికీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి. బయటికి వెళ్లడానికి రెండు నెలల ముందే, ఆ తర్వాత ఏం చేయాలో రాసిన ప్లాన్ కమిటీకి చేరాలని రూల్స్ చెబుతున్నాయి. కాబట్టి 17 దాటగానే "నా ప్లాన్ ఏది? అందులో ఏం రాశారు?" అని అడగొచ్చు. ఇది ఎదురు మాట్లాడటం కాదు.

రెండోది, మాట. ఈ చట్టంలో మొదట్లోనే కొన్ని సూత్రాలు రాశారు. అందులో ఒకటి భాగస్వామ్యం. తన జీవితానికి సంబంధించిన ప్రతి నిర్ణయంలోనూ తన మాట వినిపించుకునే హక్కు పిల్లలకి ఉంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ ఆర్టికల్ చెప్పేది కూడా ఇదే. దాన్ని మన దేశం 1992లో ఒప్పుకుంది. రూల్స్ ప్రకారం ప్రతి హోమ్‌లో పిల్లలే సభ్యులుగా వయసు గ్రూపుల వారీగా కమిటీలు ఉండాలి. 16 నుంచి 18 ఏళ్లవాళ్లకి విడిగా ఒకటి ఉండాలి. అది పేపర్ మీద కాకుండా నిజంగా కూర్చుంటే, ఆఫ్టర్‌కేర్ గురించి మాట్లాడాల్సిన మొదటి చోటు అదే.

మూడోది, కాగితాలు. వినడానికి బోర్‌గా ఉంటుంది గానీ జీవితం ఆగిపోయేది ఇక్కడే. బయటికి అడుగుపెట్టే ముందు చేతిలో ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్, పుట్టిన తేదీ ఆధారం, మార్కుల మెమోలు, టీసీ, తను ఇన్నేళ్లు ఫలానా హోమ్‌లో ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. గుర్తింపు పత్రాలు ఇప్పించడంలో సాయం చేయడం హోమ్ బాధ్యతల్లో ఒకటని 53వ సెక్షన్ చెబుతోంది. కాలేజీ అప్లికేషన్‌లో తండ్రి పేరు, పర్మనెంట్ అడ్రస్, గార్డియన్ సంతకం అని మూడు గడులుంటాయి. మనం అర నిమిషంలో నింపేస్తాం. వాళ్లు అక్కడే రోజుల తరబడి ఇరుక్కుంటారు.

ఇక్కడ మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లకి ముఖ్యమైన విషయం ఒకటుంది, రాసి పెట్టుకోండి. బీసీ-ఏ జాబితాలో కులాల పేర్లతో పాటు అనాథ పిల్లలు కూడా ఉన్నారు. పదేళ్లు రాకముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసుకునే దిక్కు లేక, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న అనాథాశ్రమంలోగానీ స్కూల్లోగానీ చేరినవాళ్లు దాని కిందకి వస్తారు. ఈ సంగతి తెలియక ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఓసీ అని టిక్ పెడితే సీటు పోయినట్టే. దీనికి ఆధారం హోమ్ రికార్డులే. అందుకే ఆ కాగితం తీసుకోకుండా గేటు దాటొద్దు.

నాలుగోది, కాదంటే ఏం చేయాలి? ఆఫ్టర్‌కేర్ కావాలని సీడబ్ల్యూసీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు. రాసి ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కమిటీ కాదంటే కథ అక్కడితో అయిపోదు. ఫోస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్, ఆఫ్టర్‌కేర్ మీద కమిటీ ఇచ్చిన నిర్ణయాలపై 30 రోజుల్లోపు జిల్లా మేజిస్ట్రేట్‌కి, అంటే కలెక్టర్‌కి అప్పీల్ చేసుకోవచ్చని 101వ సెక్షన్ చెబుతోంది. లాయర్‌కి డబ్బులెక్కడివి అంటారా? జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సాయం ఉంది. మహిళలకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఇస్తారు. హెల్ప్‌లైన్ 15100. 18 లోపువాళ్లు ఏ ఇబ్బందిలో ఉన్నా 1098.

ఇప్పుడు డబ్బు సంగతి. మిషన్ వాత్సల్య కింద ఆఫ్టర్‌కేర్‌కి ఒక్కొక్కరికి నెలకి 4000 రూపాయలు. అమీర్‌పేటలోనో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో హాస్టల్లో బెడ్ వెతికినవాళ్లకి ఆ నాలుగు వేలు ఎంతవరకు వస్తాయో నేను చెప్పక్కర్లేదు. అదే కోవిడ్‌లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల కోసం 2021లో పెట్టిన పీఎం కేర్స్ పథకం చూడండి. 18 నుంచి 23 వరకు నెలనెలా స్టైపెండ్, 23 నిండాక 10 లక్షలు చేతికి. చాలా మంచి పని. అంటే 18 ఏళ్లకే మనిషి నిలదొక్కుకోలేడని, 23 వరకు ఆసరా కావాలని ప్రభుత్వానికి తెలుసన్నమాట. మరి క్యాన్సర్‌తోనో యాక్సిడెంట్‌లోనో అమ్మానాన్నలు పోయినవాళ్లకి ఆకలి తక్కువ వేస్తుందా?

"అడిగితే చట్టాలు మారతాయా బ్రో?" అని కామెంట్ పెట్టేలోపు ఒక ఉదాహరణ చెప్తా. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1988లో, ఫోస్టర్ కేర్‌లో పెరుగుతున్న, పెరిగిన కుర్రాళ్లు, అమ్మాయిలు కలిసి కాలిఫోర్నియా యూత్ కనెక్షన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. "మా గురించి పెద్దలు మాట్లాడటం కాదు, మేమే మాట్లాడతాం" అన్నది వాళ్ల పద్ధతి. శాసనసభ్యుల దగ్గరికి వెళ్లి, తమకి ఏం జరుగుతోందో తామే చెప్పారు. ఫోస్టర్ కేర్‌ని 18 నుంచి 21కి పెంచే ఏబీ 12 బిల్లు కోసం గొంతు కలిపినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. అది 2010లో చట్టమైంది, 2012 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. వాళ్లంతా మన వయసువాళ్లే.

మరి మనం, అంటే సొంత ఇంట్లో పెరిగినవాళ్లం ఏం చేయొచ్చు? ముందు ఒక పని ఆపుదాం. పుట్టినరోజుకి హోమ్‌కి వెళ్లి, పిల్లల్ని వరసలో నిలబెట్టి, బిర్యానీ ప్యాకెట్‌తో ఫోటో తీసి రీల్ పెట్టడం. ఆ పిల్ల రేపు కాలేజీకి వెళ్తే ఆ రీల్ తనకంటే ముందే క్లాసులో తిరుగుతుంది. కమిటీ విచారణలో ఉన్న పిల్లల పేరు, స్కూలు, గుర్తుపట్టే వివరాలు ఎక్కడా బయటపెట్టకూడదని 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన చెల్లి ముఖం అలా పెడతామా?

దాని బదులు చేయగలిగినవి ఉన్నాయి. హోమ్ పర్మిషన్ తీసుకుని, 16, 17 ఏళ్లవాళ్లకి అప్లికేషన్లు నింపడం, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడం, బ్యాంక్ ఖాతా వాడటం నేర్పండి. ఇంటికో షాపుకో అద్దెకి అడిగితే, ముందూ వెనకా ఎవరూ లేరని తలుపు వేసేయొద్దని మీ ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి.

ఇంకోటి. ఒక్క పది రూపాయల పని. సమాచార హక్కు చట్టం కింద మీ జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. రెండే ప్రశ్నలు. గత ఏడాది మన జిల్లాలో 18 నిండి హోమ్‌ల నుంచి బయటికి వెళ్లినవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఆఫ్టర్‌కేర్ ఎంతమందికి ఇచ్చారు? పేర్లు అడగొద్దు, సంఖ్యలు చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబు పట్టుకుని మీ ఎమ్మెల్యేని అడగండి. లోకల్ విలేకరికి చూపించండి. మొదటి సంఖ్య పెద్దదై, రెండోది సున్నా అయితే, "ఇవ్వవచ్చు" అన్న మాట మన జిల్లాలో ఎలా పనిచేస్తోందో ఎవరూ వివరించక్కర్లేదు.

మనం అడగాల్సింది దయ కాదు. 46వ సెక్షన్‌లో "ఇవ్వవచ్చు" అన్నచోట "ఇవ్వాలి" అని మార్చమని. ఫోస్టర్ కుటుంబంలో పెరిగినవాళ్ల పేరు కూడా అందులో చేర్చమని. ఆ మార్పు వచ్చేదాకా, ఉన్న హక్కులు తెలియక ఒక్కరు కూడా వట్టి చేతులతో గేటు దాటకూడదు.

ఇది చూస్తున్న మీరు హోమ్‌లో ఉంటే, 17 నిండి ఉంటే, రేపే వెళ్లి మీ ప్లాన్ అడగండి. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. కామెంట్లలో మాత్రం ఎవరి పేరూ, ఏ హోమ్ పేరూ రాయొద్దు ప్లీజ్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.