పథ్యం పేరుతో పసిబిడ్డకు పస్తులా?

డి.ఎ. బకాయిల సంగతి పెద్దలు చెప్పారు. నేను మనవళ్ల, మనవరాళ్ల తిండి గురించి నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

మాది జమ్మలమడుగు ప్రాంతం. 1978లో కోయిలకుంట్లలో గుమాస్తాగా ఉన్నాను. మా పెద్దమ్మాయికి పద్నాలుగో నెల. రెండో కాన్పు దగ్గరపడిందని పాలు మాన్పించాం. అప్పుడే విరేచనాలు పట్టుకున్నాయి. పథ్యమని మా అమ్మ సగ్గుబియ్యం జావ తప్ప వేరేదీ పెట్టనివ్వలేదు. నేనూ కాదనలేదు. నెల దాటేసరికి పాప కాళ్లు, మొహం ఉబ్బాయి. ఒళ్లు చేసిందని మురిసిపోయాం. తర్వాత తొడలమీద చర్మం నల్లబడి, పాతగోడ సున్నంలా పెచ్చులూడింది. జుట్టు ఎర్రబారింది. వేపాకు నూరి రాశాం. చివరకు కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతే డాక్టరుగారు పాదాన్ని బొటనవేలితో నొక్కారు. పడిన గుంట అలాగే ఉండిపోయింది. "ఇది కండ కాదయ్యా, నీరు. చర్మానికి మందు కాదు, బిడ్డకు తిండి కావాలి" అన్నారు.

ఆ జబ్బు పేరు క్వాషియార్కర్. నేటి ఘనాలో పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1935లో ఈ పేరును వైద్యలోకానికి తెలిపారు. తమ్ముడో చెల్లెలో పుట్టినప్పుడు పెద్దబిడ్డకు వచ్చే జబ్బని అక్కడివారి అర్థం. మన హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్ గారు కూడా దీనిపై పరిశోధించారు. కారణాలు ఒకటి కాకపోయినా మాంసకృత్తుల లోపం అందులో ముఖ్యమైనది. మాంసకృత్తులంటే అమైనో ఆమ్లాల గొలుసులు. వాటిలో కొన్నిటిని ఒళ్లు తయారుచేసుకోలేదు, తిండిలోనే రావాలి. సగ్గుబియ్యంలో ఉన్నదంతా పిండే.

మేపుల్ సిరప్ యూరిన్ వ్యాధి అనే అరుదైన పుట్టుజబ్బు ఒకటుంది. మేనరికాల్లో ఇలాంటి జబ్బులకు అవకాశం ఎక్కువ. ఆ బిడ్డలకు డాక్టర్లే కొన్ని అమైనో ఆమ్లాలు తగ్గించి ఆహారమిస్తారు. అందులో ఐసోల్యూసిన్ మరీ తగ్గితే చర్మం ఎర్రబడి ఒలుస్తుంది. అందుకే రక్తపరీక్ష చేస్తూ కొలిచి పెడతారు. డాక్టరు పెట్టిన పథ్యానికే అంత లెక్క ఉంటే, మనం పెట్టే పథ్యానికి లెక్క ఎక్కడిది?

విరేచనాలైనా తల్లిపాలు మానవద్దు. ఓ.ఆర్.ఎస్. తాగించండి. ఆరు నెలలు నిండిన బిడ్డకు మెత్తటి అన్నమో జొన్నసంకటో పప్పుతో కలిపి పెట్టండి. జొన్నలో కొరవడే లైసిన్ పప్పులో ఉంది. గుడ్డు, పాలు మంచివి. పాదాలు ఉబ్బినా, చర్మం ఊడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

ఆసుపత్రిలో రెండుమూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా పాలు పట్టి మా పాపను బతికించారు. ఇప్పుడామె అమ్మమ్మ అయింది. మొన్న మునిమనవడికి విరేచనాలైతే ఇంట్లో మళ్లీ సగ్గుబియ్యం మాట వినిపించింది. ఈసారి నేను కాదన్నాను. మీరూ కాదనండి.

సెలవు.