వృథా అయ్యే కరెంటు వెనక ఎవరి భూమి ఉంది?

(పరకాలలో ఆదివాసీ యువత శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇయ్యాల నాకిచ్చిన అంశం ఇంధన సామర్థ్యం. పేరు పెద్దది గానీ సంగతి చిన్నదే. అదే పనిని తక్కువ బొగ్గుతో, తక్కువ కరెంటుతో, తక్కువ కట్టెలతో చేసుకోవడం. భూమి హక్కుల గురించి మాట్లాడే కాడ ఈ ముచ్చట ఎందుకని మీలో కొందరికి అనిపించొచ్చు. భూపాలపల్లి మీదుగా వచ్చినోళ్లు దారిలో చెల్పూరు చిమ్నీలు చూసే ఉంటారు. కాకతీయ థర్మల్ కేంద్రం, 500 మెగావాట్లది ఒకటి, 600ది ఒకటి. అక్కడ మండేది గోదావరి లోయ బొగ్గు. ఆ లోయ పొడుగునా ఎవరి ఊళ్లున్నాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కరెంటు ఎంత వృథా అయితే అంత ఎక్కువ బొగ్గు తవ్వాలి. అందుకే ఇది మన ముచ్చట.

మరి మనలాంటి పేద దేశాల్లో కరెంటు ఎందుకు వృథా అవుతుంది? పట్నంలో ఏసీ గదిలో కూర్చున్న పెద్దమనుషులను అడిగితే "జనానికి అవగాహన లేదు" అంటారు. నేను ఒప్పుకోను. ఎల్ఈడీ బల్బు సంగతే చూడండి. 2014లో ప్రభుత్వ సంస్థే టోకున కొంటే ఒక్కో బల్బుకు మూడు వందల పైన పడింది. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలుపెట్టి కోట్ల లెక్కన కొనేసరికి, 2016కల్లా ఆ కొనుగోలు ధర నలభై రూపాయల లోపుకు దిగింది. 60 వాట్ల బల్బు పోయి 9 వాట్ల బల్బు వచ్చింది. గూడెంలో ఎవరూ వచ్చి ఉపన్యాసం ఇయ్యలేదు. ధర అందితే జనం కొనుక్కున్నారు, అంతే.

ఫ్యాను దగ్గర ఇంకా అది జరగలేదు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తింటుంది, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. కానీ దుకాణంలో దాని ధర దాదాపు రెట్టింపు. కూలి డబ్బులతో కొనేటోడు అయిదేళ్ల లెక్క వేయలేడు, జేబులో ఎంతుందో చూసుకుంటాడు. కిరాయి ఇల్లయితే ఫ్యాను కొనేది ఓనరు, బిల్లు కట్టేది కిరాయిదారు. ఓనరుకు ఖరీదైన ఫ్యాను ఎందుకు? గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేదు కాబట్టి పేదలు దుబారా చేస్తున్నారనే మాట కూడా వింటున్నాం. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న ఇంట్లో దుబారా చేయడానికి ఏముంది?

వ్యవసాయ మోటరు సంగతి కొంచెం చిక్కుది. పరకాల చుట్టుపక్కల పత్తి, వరి చేసే రైతులు ఇక్కడ ఉన్నారు, తప్పయితే సరిచేయండి. 2004 నుంచి సాగుకు ఉచిత కరెంటు. 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. బిల్లు లేనప్పుడు ఎక్కువ పెట్టి మంచి మోటరు ఎవరు కొంటారని ఆర్థికవేత్తలు అడుగుతారు. అందులో కొంత నిజముంది. కానీ అసలు కథ స్తంభం దగ్గర మొదలైంది. ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగినదానికంటే ఎక్కువ మోటర్లు దాని మీద పడితే వోల్టేజీ పడిపోతుంది. మోటరు ఎక్కువ కరెంటు గుంజుతుంది, వేడెక్కి వైండింగ్ కాలుతుంది. తిరిగి చుట్టించిన మోటరు చాలాసార్లు అవే నీళ్లకు మునుపటికంటే ఎక్కువ కరెంటు తింటుంది. అర్ధరాత్రి ఎప్పుడో కరెంటు వచ్చేది కాబట్టి రైతు ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడు. కరెంటు రాగానే అన్ని మోటర్లూ ఒక్కసారే లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ కాలేది. పాములూ తేళ్లూ ఉండే చీకట్లో బావి కాడికి పోకుండా తన ప్రాణం కాపాడుకున్నాడు గదా, ఇందులో రైతు తెలివితక్కువతనం ఎక్కడుంది? 24 గంటల కరెంటు వచ్చే ముందు ప్రభుత్వమే ఊరూరా ఆటో స్టార్టర్లు తీసేయమని చెప్పింది. నమ్మకంగా కరెంటు వస్తే వాటి అవసరమే ఉండదు.

ఇప్పుడు పెద్ద వృథా దగ్గరికి వద్దాం. మణుగూరు దగ్గర, అయిదో షెడ్యూలు ప్రాంతంలో, భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉంది. 270 మెగావాట్లవి నాలుగు యూనిట్లు, మొత్తం 1080. 2015లో శంకుస్థాపన చేసినప్పటికే దేశం సూపర్ క్రిటికల్ బాయిలర్ల వైపు పోతోంది. ఇక్కడ మాత్రం పాత సబ్ క్రిటికల్ రకం పెట్టారు. తేడా ఏందంటే, పాత రకంలో బొగ్గు వేడిలో నూటికి సుమారు 35 పాళ్లు కరెంటవుతుంది, ఆవిరిని ఇంకా ఎక్కువ పీడనంతో నడిపే కొత్త రకంలో 40కి దగ్గరగా. తొందరగా కట్టొచ్చు అన్నారు. చివరి యూనిట్ 2022లో వచ్చింది. ఈ నిర్ణయాల మీద 2024లో ప్రభుత్వం విచారణ కమిషన్ కూడా వేసింది. అయిదు పాళ్ల తేడా చిన్నగా కనిపిస్తుంది, కానీ ఆ కేంద్రం పాతికేళ్లు నడుస్తుంది, అన్నేళ్లూ ఎక్కువ బొగ్గు, ఎక్కువ బూడిద. మన గూడేలన్నీ బల్బులు మార్చినా ఆ ఒక్క సంతకాన్ని పూడ్చలేవు. భూమి తీసుకునేటప్పుడు గ్రామసభను సంప్రదించాలని పెసా చట్టం చెప్తుంది. బాయిలరు రకం గురించి అడగాలని ఏ చట్టమూ చెప్పదు. చెప్పాలని మనం డిమాండ్ చేయాలి.

ఇంకా తీగే రాని గూడేలున్నాయి. అటవీ శాఖ ఒప్పుకోదని లైన్‌మన్ చెప్తే ఊరుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో కరెంటు లైన్లు, సంప్రదాయేతర ఇంధన వనరులు రెండూ ఉన్నాయి. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసుతో అనుమతి దొరుకుతుంది.

చివరిగా సోలార్ పంపులు. 2025 మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. పోడు పట్టా భూములకు బోరు, సోలార్ మోటరు ఇస్తామన్నారు, లక్ష్యం 6 లక్షల ఎకరాలు. మంచిదే, తీసుకోండి. కానీ సంతకం పెట్టే ముందు అడగండి: బోరు లోతుకు ఈ హెచ్‌పీ సరిపోతుందా, ఎక్కువైందా? మోటరుకు ఎన్ని స్టార్లు? డ్రిప్పు దానితోపాటు వస్తుందా? ఎండకు బిల్లు లేదని పొద్దంతా నడిపితే పక్క చేను బోరు ఎండుతుంది, దానికి గ్రామసభలోనే గంటల లెక్క పెట్టుకోండి. పలకలు పాడైతే ఎవరు, ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం నకలు ఒకటి గ్రామసభ రిజిస్టరులో ఉండాలి.