పక్కపక్కనా, ఒకదానిపై ఒకటా: వర్క్‌స్టేషన్ విండోల కథ



తెలుగు చెప్పిన గురువుగారి సంస్మరణ సభలో కంప్యూటర్ విండోల ప్రసంగమేమిటని కొందరు అడిగారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగానికి ఇంగ్లీషు. ఈ ధర్మపురి సీమలో రెండు పాఠాలను ఒక్కసారే కళ్లముందు పెట్టుకోవలసిన అవసరం మనకున్నంతగా ఇంకెవరికుంది? ఆ వసతి ఎలా వచ్చిందో, అందులో తెలుగువాడి చేయి ఎక్కడుందో చెబుతాను.

1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్ పట్టుకుని, ఒకే తెరపై రాతనూ దూరాన ఉన్న సహచరుడి ముఖాన్నీ చూపించాడు. 1970లలో జెరాక్స్ పాలో ఆల్టో కేంద్రంలో అలన్ కే బృందం, తెర చిన్నది కదా అని, బల్లమీది కాగితాల్లా విండోలను ఒకదానిపై ఒకటి పరిచింది.

అన్ని విండోలు పట్టే యంత్రం సంగతికొస్తే, ఇక్కడ తెలుగువారైన రాజ్ రెడ్డిగారిని తలచుకోవాలి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మన మద్రాసు గిండీ కాలేజీలో 1958లో ఇంజనీరింగ్ పట్టా తీసుకుని, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చేరారాయన. వర్క్‌స్టేషన్, అంటే ఒక్కరి పనికి వాడే శక్తిమంతమైన కంప్యూటర్, ఎలా ఉండాలన్న ప్రశ్నకు ఆయనా సహచరులూ మూడు కొలతలు పెట్టారు: ఒక మెగాబైట్ మెమరీ, సెకనుకు పది లక్షల ఆదేశాలు, తెరమీద పది లక్షల చుక్కలు. నా దృష్టిలో ఆ మూడో కొలతే అసలైనది. అప్పటి టెర్మినల్‌లో 24 వరుసల అక్షరాలు పడితే గొప్ప. పది లక్షల చుక్కలుంటే రెండు పుటలు పక్కపక్కన నిలుస్తాయి. 1994లో ట్యూరింగ్ పురస్కారం ఆయనకు కృత్రిమ మేధలో కృషికి వచ్చింది గానీ, ఈ కొలతలకు కూడా మనం దండం పెట్టాలి.

అదే విశ్వవిద్యాలయంలో 1982లో ఐబీఎంతో కలిసి ఆండ్రూ ప్రాజెక్టు మొదలైంది. జేమ్స్ గోస్లింగ్ రాసిన దాని విండో వ్యవస్థ విండోలను పక్కపక్కనే పేర్చేది. 1985 నవంబర్‌లో వచ్చిన మొదటి మైక్రోసాఫ్ట్ విండోస్‌లోనూ అంతే. డైలాగ్ పెట్టెలు మాత్రమే పైన పడేవి. 1987లో రెండో విండోస్‌తో ఒకదానిపై ఒకటి పడే పద్ధతి వచ్చి, అదే అలవాటైపోయింది.

ఆ గెలుపు న్యాయమేనా? 1986లో సారా బ్లై, జారెట్ రోజెన్‌బర్గ్ పరీక్షించి చూశారు. చూడవలసిందంతా విండోలో ఇమిడితే పక్కపక్కన ఉన్నవే మేలు. ఇమడక అటూ ఇటూ జరపవలసి వస్తే, చేయి తిరిగినవారికి ఒకదానిపై ఒకటి పడేవే మేలు. పనిని బట్టి పద్ధతి మారాలన్నమాట. 1984లో ఎంఐటీలో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థ ఈ విజ్ఞత చూపింది. విండోల అమరికను వేరే ప్రోగ్రాముకు వదిలేసింది, ఎవరికి నచ్చింది వారు పెట్టుకున్నారు.

విద్యార్థులారా, 2009 నాటి విండోస్ 7 నుంచి విండోస్ మీట నొక్కి పక్క బాణం కొడితే విండో సగం తెరకు సర్దుకుంటుంది. తమిళ పాఠం ఒకవైపు, తెలుగు ఒకవైపు పెట్టుకుని చదవండి. ఒకటి రెండోదాన్ని కప్పేయనివ్వకండి.