ఓపీ లైను తగ్గాలంటే మందుల షాపుకు బాధ్యత పెట్టాలి
(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాట్ల రోజులివి. కూలికి మనిషి దొరకడమే గగనంగా ఉంది. అయినా మన ప్రతి ఇంట్లో నెలకో రోజు ఆసుపత్రి లైనుకు పోతోంది. తొలి బస్సెక్కి పోతే ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరు గది ముందు ఇంకోటి, మందుల కౌంటరు దగ్గర మూడోది. మధ్యాహ్నానికి డాక్టరు కనబడితే అడిగేది ఒకటే మాట: "పాతవే వాడుతున్నావా?" అవే బీపీ బిళ్లలు, అవే షుగరు బిళ్లలు. ఆయన్ని తప్పుపట్టలేం, మన వెనక ఇంకా వందమంది ఉంటారు. ఆ వందమందిలోనే ఆయాసంతో నిలబడలేని ముసలాయనా ఉంటాడు, జ్వరంతో కాలిపోతున్న బాలింతా ఉంటుంది. నిజంగా డాక్టరు కావలసింది వాళ్లకు.

సబ్ సెంటర్లో మందులు ఇస్తున్నారు కదా అంటారు. ఇస్తున్నారు, స్టాకు ఉన్నప్పుడు.

ఇంగ్లాండులో 2024 జనవరి ఆఖరు నుంచి ఒక పద్ధతి పెట్టారు. గొంతునొప్పి, చెవిపోటు, పురుగు కుట్టి చీము పట్టడం, ఆడవారికి మూత్రంలో మంట వంటి ఏడు జబ్బులకు మందుల షాపులోని ఫార్మసిస్టే చూసి, అవసరమైతే డాక్టరు చీటీ లేకుండానే మందు ఇస్తాడు. ముదిరిన కేసైతే డాక్టరు దగ్గరికి పంపుతాడు. అసలు కిటుకు డబ్బు దగ్గరుంది. రోగిని చూసినందుకు ప్రభుత్వం ఫీజు కడుతుంది. మొదట్లో అది మనిషికి 15 పౌండ్లు. మందు అమ్మినా అమ్మకపోయినా ఆ ఫీజు వస్తుంది.

ఈ సంగతి మనకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. పురుగుమందుల షాపులో ఆకు చూపించి "ఏం కొట్టాలి?" అని అడిగినవాళ్లమే కదా మనమంతా! ఒక డబ్బా సరిపోయేచోట మూడు డబ్బాలు సంచిలో పడ్డాయి. అమ్మేవాడే సలహాదారైతే ఏమవుతుందో మన అప్పుల పుస్తకమే చెబుతుంది. ఒంటి విషయంలో కూడా ఆ పొరపాటు చేయొద్దు. ఇప్పటికే చీటీ లేకుండా రెండు పూటల యాంటీబయాటిక్ కొనుక్కుని మింగుతున్నాం. అది ఇంకా పెరగడానికి మేం ఒప్పుకోం.

కాబట్టి మనం అడిగేది ఇది. డాక్టరు ఒకసారి ఆరు నెలలకు రాసిస్తే, నెలనెలా బీపీ, షుగరు చూసి ఆ బిళ్లలే ఇచ్చే పని ఊళ్లోని మందుల షాపుకు అప్పగించాలి. బిళ్లలు సర్కారువి, ఉచితం. షాపుకు ఫీజు సర్కారే కట్టాలి. పై బీపీ 180 దాటినా, కాలి పుండు మానకపోయినా ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. అలా షాపు పంపినవాళ్లకు ఓపీలో విడిగా లైను ఉండాలి.

ఇంకో షరతు. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు రాసిన మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలి. మనకు తెలిసిన చాలా షాపుల్లో సర్టిఫికెట్టు గోడకుంటుంది, కౌంటర్లో పదో తరగతి కుర్రాడుంటాడు. ఫార్మసీ చదివిన మన పిల్లలేమో పట్నంలో వేరే కొలువులు వెతుక్కుంటున్నారు. మనిషి లేని షాపుకు ఈ పని ఇవ్వకూడదు.

వచ్చే సోమవారం జిల్లా వైద్యాధికారికి వినతిపత్రం ఇస్తున్నాం. వచ్చేటప్పుడు మీ ఇంట్లోని ఓపీ చీటీలన్నీ తీసుకురండి. ఒకే మందు ఎన్ని నెలలు రాశారో ఆయన ముందే లెక్కపెడదాం.