నస్తాలీఖ్ లిపి: అందం వెనుక ఉన్న లెక్క



ఈనాటి ప్రసంగాన్ని ఒక ఊరి పేరుతో మొదలుపెడతాను. షాదీపూర్. అండమాన్ దీవుల ముఖ్యపట్టణంలో, 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనీ ఇప్పుడు శ్రీ విజయపురం అనీ పిలుస్తున్న పట్టణంలో అదొక పేట. నేను అక్కడ ఉంటూ పిల్లలకు సైన్సు చెబుతాను. నక్షత్రాల గురించో, ఉప్పునీటి గురించో చెప్పవలసినవాణ్ణి లిపి గురించి ఎందుకు మాట్లాడుతున్నానో ముందుగా చెప్పాలి.

ఒక సాయంత్రం మా వీధిలోని పెద్దావిడ ఒక పాత కాగితం తీసుకుని వచ్చారు. నాలుగు మడతల దగ్గరా చిరిగిపోయింది. "మాస్టర్ సాబ్, ఇది మా తాతగారి నిఖా కాగితం. ఆయన పేరు ఇందులో ఎక్కడుందో చూపిస్తారా?" అని అడిగారు. ఆవిడ పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్నది హిందుస్తానీయే. కాని బడిలో నేర్చుకున్నది దేవనాగరి. తన భాషలోనే రాసి ఉన్న కాగితం ఆవిడకు పరాయిదైపోయింది.

ఇది ఆవిడ ఒక్కరి కష్టం కాదు. మా సొంతూరు నల్గొండ జిల్లాలో ఉంది. మా తాతగారి పొలం కాగితాలు ట్రంకుపెట్టెలో ఉండేవి. నా చిన్నతనంలో వాటి అవసరం పడింది. చదివిపెట్టిన ఒకాయన ఒక చుక్క దగ్గర పొరబడి తాతగారి పేరును మరొకరి పేరుగా చదివారు. మూడు నెలలు మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. చివరకు నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని హైదరాబాద్ ఛత్తా బజార్‌కు వెళ్ళారు. పెళ్ళి పత్రికలు రాసి బతికే ఒక ముసలి కాతిబ్, అంటే లేఖకుడు, ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి, చెరిగిన చుక్కను చూపించి, అసలు పేరు చదివారు. ఆ లిపిలో నాకు మొదటి పాఠం ఆ రోజే దొరికింది.

ఆ కాగితం మీదా, ఈ కాగితం మీదా ఉన్న రాత ఒకటే. దాని పేరు నస్తాలీఖ్.

ఎక్కడ పుట్టింది? ఇక్కడికెలా వచ్చింది?

అరబ్బీ లిపిని రాయడానికి అనేక శైలులున్నాయి. 10వ శతాబ్దంలో బాగ్దాద్‌లో మంత్రిగా పనిచేసిన ఇబ్న్ ముఖ్లా అక్షరాల కొలతలను ఒక పద్ధతిలో పెట్టాడని చెబుతారు. పుస్తకాలు రాయడానికి అనువైన 'నస్ఖ్' శైలి, ఉత్తరాలకు వాడే 'తాలీఖ్' శైలి, ఈ రెండింటి పేర్లూ కలిసి నస్తాలీఖ్ అయింది. ఇది 14వ శతాబ్దపు ఇరాన్‌లో రూపుదిద్దుకుంది. దీనికి మెరుగు పెట్టినవాడిగా మీర్ అలీ తబ్రీజీ పేరు చెబుతారు. ఎగిరే బాతుల రెక్కలను కలలో చూసి ఈ వంపులు కనిపెట్టాడని ఒక కథ కూడా ఉంది. కథ మాట ఎలా ఉన్నా, ఏటవాలుగా కిందికి దిగే ఆ వంపు మాత్రం నిజం.

పారశీకం రాజభాషగా ఉన్నచోటికల్లా ఈ రాత నడిచి వచ్చింది. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫర్మానాలలో పారశీకంతోపాటు తెలుగు కూడా అదే కాగితం మీద ఉండేది. కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా జారే రాత ఒకటి, ఎడమ నుంచి కుడికి గుండ్రంగా సాగే రాత ఒకటి. హైదరాబాద్ రాజ్యంలో 1884లో పారశీకం స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. భాష మారినా రాత మారలేదు. పట్టా, దస్తావేజు, జమాబందీ వంటి మాటలు మన రైతుల నోటికి అలవాటైనవి ఆ కచేరీల వల్లనే.

అండమాన్‌కు మాత్రం ఈ రాత సంకెళ్ళతో వచ్చింది. అక్కడ ఖైదీల స్థావరం 1858 మార్చిలో మొదలైంది. 1857 జూలై 17న హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించిన మౌల్వీ సయ్యద్ అలాఉద్దీన్‌ను ఆ దీవులకే పంపారు. ఆయన మళ్ళీ హైదరాబాద్ చూడలేదు. అరబ్బీ పండితుడు ఫజ్లె హఖ్ ఖైరాబాదీ 1861లో అక్కడే మరణించారు. 1866లో అక్కడికి చేరిన మహమ్మద్ జాఫర్ థానేసరీ 1883లో విడుదలై, తన అనుభవాలను ఉర్దూలో పుస్తకంగా రాశారు. స్థావరంలో ఖైదీలకు పెళ్ళి చేసుకునే అనుమతి కూడా ఉండేది. షాదీ అంటే పెళ్ళి. షాదీపూర్‌కు ఆ పేరు అలాంటి కుటుంబాల వల్లనే వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు.

మొదటి సూత్రం: చుక్కే కొలబద్ద

ఇక లెక్కలోకి వద్దాం. నస్తాలీఖ్ రాసేది రెల్లు కలంతో. దాని కొనను సన్నగా కాక, వెడల్పుగా, ఏటవాలుగా కోస్తారు. ఆ కొనను కాగితంపై ఆనించి, దాని వెడల్పు ఎంతో అంతే దూరం లాగితే గాలిపటం ఆకారంలో ఒక చుక్క పడుతుంది. ఇదే కొలబద్ద. అంగుళాలూ సెంటీమీటర్లూ ఇక్కడ పనికిరావు. నిలువు గీతలా ఉండే 'అలిఫ్' అక్షరం నస్తాలీఖ్‌లో సుమారు మూడు చుక్కల ఎత్తు ఉంటుంది. మిగిలిన అక్షరాల పొడవులు, గిన్నెల్లాంటి వంపుల లోతులు కూడా చుక్కలలోనే చెబుతారు.

ఇందులో సుఖమేమిటో గమనించండి. కలం వెడల్పు రెట్టింపైతే చుక్క రెట్టింపవుతుంది. చుక్కతోపాటు అక్షరమంతా రెట్టింపవుతుంది. నిష్పత్తి మాత్రం చెక్కుచెదరదు. నిఖా కాగితం మీది రాతకూ, గోడ మీది రాతకూ లెక్క ఒక్కటే. బడిలో మనం సరూప త్రిభుజాలు అని చదువుకున్నది ఇదే.

రెండవ సూత్రం: కోణం మారితే మందం మారుతుంది

నస్తాలీఖ్‌లో ఒకే గీత ఒకచోట బలంగా, ఒకచోట వెంట్రుకంత సన్నగా ఉంటుంది. ఇందులో ప్రధానమైన పని కోణానిదే. కొన అంచుకు అడ్డంగా, అంటే 90 డిగ్రీల కోణంలో కలాన్ని లాగితే పూర్తి వెడల్పు వస్తుంది. అంచు వెంబడే లాగితే సన్నని గీత వస్తుంది. 30 డిగ్రీల కోణంలో లాగితే సరిగ్గా సగం మందం వస్తుంది. 30 డిగ్రీల 'సైన్' విలువ సగం అని పదవ తరగతిలో బట్టీపట్టిన మాట ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

ఇంట్లో చేసి చూడండి. రెండు పెన్సిళ్ళను పక్కపక్కన పెట్టి రబ్బరు బ్యాండుతో కట్టండి. వాటిని చేతిలో తిప్పకుండా ఒకే దిశలో పట్టుకుని ఒక పెద్ద సున్నా గీయండి. రెండు గీతలు ఒకచోట దూరమవుతాయి, ఒకచోట కలిసిపోతాయి. వాటి నడుమ ఉన్న ఖాళీయే కలం గీసే మందం.

సిరా సంగతి కూడా చెప్పాలి. దీపపు మసిలో తుమ్మజాతి చెట్ల బంక, నీరు కలిపి నూరి తయారుచేసేవారు. మసి అంటే కార్బన్. వెలుతురు తగిలినా అది తేలికగా రంగు మారదు. బంక ఆ మసి రేణువులు అడుగుకు దిగిపోకుండా, కాగితాన్ని పట్టుకుని ఉండేలా చేస్తుంది. కాగితం పసుపెక్కి చిరిగినా అక్షరం నల్లగానే మిగలడానికి కారణం ఇదే.

మూడవ సూత్రం: పొరుగును బట్టి రూపం

తెలుగులో 'ర' ఒంటరిగా ఉంటే ఒక రూపం, 'క్ర'లో ఒత్తుగా ఉంటే ఇంకో రూపం. పొరుగు అక్షరాన్ని బట్టి రూపం మారడం మనకు కొత్త కాదు. నస్తాలీఖ్ ఈ పద్ధతిని చాలా దూరం తీసుకెళ్ళింది.

షాదీపూర్ పేరునే రాద్దాం. షీన్, అలిఫ్, దాల్, యే, పే, వావ్, రే: మొత్తం ఏడు అక్షరాలు. అలిఫ్, దాల్, వావ్, రే వంటి కొన్ని అక్షరాలు తమ తరువాతి అక్షరంతో చేయి కలపవు. 'యే' దగ్గర 'షాదీ' అనే మాట ముగుస్తుంది కనుక అదీ ఆగిపోతుంది. అందువల్ల షీన్-అలిఫ్ ఒక ముక్క, దాల్ ఒకటి, యే ఒకటి, పే-వావ్ ఒకటి, రే ఒకటి. ఏడు అక్షరాలు, ఐదు దీవులు! మా పిల్లలకు ఇలా చెబితే ఇట్టే అర్థమైంది.

ఒక దీవిలోని అక్షరాలు ఒకే గీత మీద నిలబడవు. కుడివైపు పైన మొదలై, మెట్లు దిగినట్లు దిగి, చివరి అక్షరం గీతను చేరుకుంటుంది. దీవిలో అక్షరాలు ఎక్కువైతే సాధారణంగా మొదటి అక్షరం అంత ఎత్తున మొదలు కావాలి. అంటే కాతిబ్ కలం ఆనించే ముందే ఆ ముక్క ఎక్కడ ముగుస్తుందో తెలిసి ఉండాలి. ముగింపు తెలియనిదే మొదలు పెట్టడం కుదరని రాత ఇది.

యంత్రానికి లొంగని చేయి

ఈ మూడవ సూత్రమే అచ్చుపనివారిని ఓడించింది. సీసపు అచ్చు అక్షరాలన్నీ ఒకే గీతపై వరసగా నిలబడేవి. మెట్లు దిగే రాతకు వేల ముక్కలు పోతపోయాలి. చార్లెస్ విల్కిన్స్ 1780ల నాటికే బెంగాల్‌లో నస్తాలీఖ్ అచ్చు అక్షరాలు తయారు చేశాడు గాని అవి నిలదొక్కుకోలేదు. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యం కూడా ప్రయత్నించి, వ్యాపార స్థాయిలో సాధ్యం కాదని విరమించుకుంది.

ఈ రాతను కాపాడింది రాయి. జర్మనీలో సెనెఫెల్డర్ 1790లలో శిలాముద్రణ కనిపెట్టాడు. జిడ్డుకూ నీటికీ పడదన్న చిన్న విషయమే దానికి ఆధారం. కాతిబ్ జిడ్డు సిరాతో పూతపూసిన కాగితంపై రాస్తాడు. దాన్ని నునుపైన సున్నపురాయిపై అదిమితే రాత రాయికి అంటుకుంటుంది. రాయిని తడిపితే ఖాళీ జాగా నీటిని పీలుస్తుంది, రాత ఉన్నచోట నీరు నిలవదు. పైన సిరా రోలరు దొర్లిస్తే సిరా రాతకే పట్టుకుంటుంది. ఆ విధంగా చేతిరాతే అచ్చయింది. 1858లో లక్నోలో మొదలైన నవల్ కిషోర్ ప్రెస్ వంటివి ఈ పద్ధతిలో ఎన్నో పుస్తకాలు వేశాయి. ఉర్దూ దినపత్రికలను కూడా కాతిబులు ప్రతిరోజూ చేతితోనే రాసేవారు. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' పత్రిక కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ అలవాటు వదల్లేదు.

మార్పు 1981లో వచ్చింది. పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20,000 అక్షర సముదాయాలను తన చేతితో రాశారు. మోనోటైప్ సంస్థ వాటిని కంప్యూటరుకెక్కించింది. అదే నూరీ నస్తాలీఖ్. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ దాన్ని చిన్న ప్రెస్సులకూ అందించింది. 2014లో గూగుల్ విడుదల చేసిన నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫోనులకూ వచ్చింది. యంత్రం చేతిని ఓడించలేదు, చేతి దగ్గర చదువుకుంది. అయితే చదువు చెప్పిన గురువుల పని మాత్రం పోయింది. ఛత్తా బజార్ కాతిబ్ నాతో అన్నమాట నాకిప్పటికీ గుర్తుంది: "రాసేవాళ్ళు తగ్గినా ఫరవాలేదు బేటా, చదివేవాళ్ళు తగ్గితేనే ప్రమాదం."

ఆయన చెప్పిన ప్రమాదం మన కళ్ళముందే ఉంది. తెలంగాణ పల్లెల్లో 1948కి పూర్వపు కాగితాలు ఇంకా ఎన్నో పెట్టెల్లో ఉన్నాయి. ఉర్దూ మన ఇంటి భాష కాకపోవచ్చు. మన తాతల పేర్లు, మన చెరువుల పేర్లు, మన పొలాల హద్దులు మాత్రం ఆ రాతలోనే ఉన్నాయి. 'నాగయ్య' పేరు మొదట్లో చుక్క పైన ఉంటుంది. దాన్నే కింద పెట్టి చూడండి, 'బాగయ్య' అవుతుంది. ఒక్క చుక్క చోటు తప్పితే ఒక మనిషి ఇంకో మనిషి అవుతాడు, ఒక పొలం ఇంకొకరిదవుతుంది.

కాబట్టి నా విన్నపం ఇది. అందరూ కాతిబులు కానవసరం లేదు. ఇంటికొకరు ఈ అక్షరాలను గుర్తుపట్టగలిగితే చాలు. ముందు దీవులు లెక్కపెట్టండి. తరువాత చుక్కలు లెక్కపెట్టండి: ఎన్ని, పైనా కిందా. ఆ పైన మీకు తెలిసిన పేర్లు వెతకండి. ఈ లిపిలో హ్రస్వ అచ్చులను సాధారణంగా రాయరు కనుక, తెలిసిన పేరుతో మొదలుపెట్టడమే సులువైన దారి.

షాదీపూర్ పెద్దావిడతో కూడా నేను చేసింది అంతే. ఇద్దరం కూర్చుని దీవులు లెక్కపెట్టాం. మూడవ వరుసలో ఆవిడ తాతగారి పేరు దొరికింది. ఆవిడ వేలితో ఆ అక్షరాలను కుడి నుంచి ఎడమకు, పై నుంచి కిందికి మెల్లగా తడిమారు. తరువాత నా వైపు తిరిగి, "దీని పక్కన ఉన్నది మా నానీ పేరేనా?" అని అడిగారు. నేను చెప్పలేదు. కాగితం ఆవిడ వైపే జరిపాను. కొంతసేపటికి ఆవిడే చదివారు.

మీ ఇంట్లో పెట్టె అడుగున అలాంటి కాగితం ఉంటే, ఈ రాత్రి ఒకసారి బయటికి తీయండి.